కష్టమైన స్కూల్లో వచ్చిన బీ గ్రేడ్‌ను కాలేజీలు ఎలా చూస్తాయి?

డాలస్_అమ్మ

మా అమ్మాయి డాలస్ సబర్బ్‌లో బాగా పోటీ ఉన్న పబ్లిక్ హైస్కూల్లో టెన్త్ గ్రేడ్ పూర్తి చేస్తోంది. దాదాపు అన్నీ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సులు), ఆనర్స్ (మామూలు కన్నా కఠినమైన) కోర్సులే. అన్‌వెయిటెడ్ జీపీఏ (కఠిన కోర్సులకు అదనపు పాయింట్లు కలపని గ్రేడ్ల సగటు, 4.0కి) 3.7, ర్యాంక్ పై 15 శాతం దగ్గర. ఇవే గ్రేడ్లు పక్క స్కూల్లో వస్తే పై 5 శాతంలో ఉండేదని అందరూ అంటున్నారు.

అడగాలనుకున్నవి ఇవీ. స్కూల్ కష్టమైనదని కాలేజీలకు అసలు తెలుస్తుందా? తెలిస్తే దానికి విలువ ఇస్తారా, లేక నంబర్ చూసి పక్కన పెట్టేస్తారా? ఇప్పుడు స్కూల్ మార్చడంలో అర్థం ఉందా? లిస్టులో యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్), టెక్సస్ ఏ అండ్ ఎమ్, యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు రెండు మూడు, కొన్ని ప్రైవేట్ యూనివర్సిటీలు ఉన్నాయి. "హార్డ్ వర్క్ ఎప్పుడూ వృథా కాదు" లాంటి జవాబులు వద్దండీ, పద్ధతి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొఫైల్_చూడండి

తెలుస్తుందండీ. కాకపోతే మీరు అనుకుంటున్న రూపంలో కాదు. "ఈ స్కూల్ కష్టం, జీపీఏకి 0.2 కలుపుదాం" అని బయటికి చెప్పే కాలేజీ అమెరికాలో కనపడదు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ ఇంజనీరింగ్ వాళ్లు అలాంటి పట్టిక నడిపిన సంగతి 2018లో బయటికొచ్చింది. ఏ స్కూల్ పిల్లల మార్కులు మొదటి ఏడాదిలో సగటున ఎంత పడిపోతున్నాయో చూసి, దాన్నిబట్టి సర్దేవాళ్లు. అమెరికాలో గ్రేడు జోలికి పోరు. అది ఏ స్కూల్లో, ఏ కోర్సులో, ఎలాంటి క్లాసులో వచ్చిందో పక్కన పెట్టుకుని చదువుతారు.

ఆ పక్కన పెట్టుకునే కాగితం పేరు స్కూల్ ప్రొఫైల్. కౌన్సెలర్ ట్రాన్స్‌క్రిప్ట్‌తో (కోర్సులు, గ్రేడ్ల జాబితాతో) పాటే పంపుతారు. మామూలుగా రెండు పేజీలు, స్కూల్ వెబ్‌సైట్‌లో కౌన్సెలింగ్ విభాగం కింద దొరుకుతుంది. ఇవాళే దించుకుని ఈ వరసలో చూడండి. గ్రేడింగ్ స్కేలు ఏమిటి: 90 దాటితే ఏ గ్రేడా, 93 దాటితేనా, ప్లస్ మైనస్‌లు ఉన్నాయా. వెయిట్ (కఠిన కోర్సులకిచ్చే అదనపు పాయింట్లు) ఎలా కలుపుతారు. ఏపీ కోర్సులు ఎన్ని, ఏ గ్రేడ్ నుంచి తీసుకోనిస్తారు, ఏడాదికి ఇన్నే అన్న పరిమితి ఉందా. జీపీఏలు ఎలా పంచుకుని ఉన్నాయి, అంటే పై పదోవంతు ఎక్కడ మొదలవుతుంది. ఏపీ పరీక్షల్లో (వీటి స్కోరు 5కి) 3, 4, 5 ఎంతమందికి వచ్చాయి. ఎస్ఏటీలో (కాలేజీ ప్రవేశ పరీక్షలో) మధ్య 50 శాతం పిల్లల స్కోర్లు ఎంత నుంచి ఎంత వరకు.

ఈ అంకెలే మీ అమ్మాయి 3.7కి అర్థం ఇచ్చేవి. సగం క్లాసు 3.8 పైన ఉన్న స్కూల్లో 3.7 ఒకటి, పై పదోవంతే 3.8 దగ్గర మొదలయ్యే స్కూల్లో 3.7 ఇంకొకటి. స్కూళ్ల స్కేళ్లు ఎంత వేరుగా ఉంటాయంటే, ఫిలిప్స్ ఆండోవర్‌లో గ్రేడ్లు ఆరు పాయింట్ల స్కేలు మీద, ఎక్సెటర్‌లో పదకొండు పాయింట్ల స్కేలు మీద ఇస్తారు. ప్రొఫైల్ లేకుండా ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఎవరికీ అర్థం కావు.

రెండోది, కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారంలో) కౌన్సెలర్ నింపే స్కూల్ రిపోర్ట్. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: ఇదే స్కూల్లో కాలేజీకి వెళ్లబోయే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్న కోర్సులు ఎంత కఠినం? "అత్యంత కఠినం", "చాలా కఠినం", "కఠినం", "సగటు", ఇలా మెట్లు దిగుతాయి. బాగా సెలెక్టివ్ కాలేజీలకు పై మెట్టు మీద టిక్ ఉండటం ముఖ్యం. కష్టమైన స్కూళ్లలో పిల్లలు దెబ్బ తినేది చాలాసార్లు ఇక్కడే. పది ఏపీలు తీసుకున్నా, చుట్టూ ఉన్నవాళ్లు పద్నాలుగు తీసుకుంటే రెండో మెట్టు మీద టిక్ పడొచ్చు. పై మెట్టుకి గీత ఎక్కడ గీస్తారో ఒక్కో స్కూల్‌ది ఒక్కో లెక్క. లెవెన్త్ కోర్సులు ఖరారు చేసే ముందే కౌన్సెలర్‌ని సూటిగా అడగండి. చాలామంది చెబుతారు.

మూడోది, చదివే మనిషి. పెద్ద అడ్మిషన్ ఆఫీసుల్లో ఒక్కో ఆఫీసర్‌కి ఒక్కో ప్రాంతం అప్పగిస్తారు. డాలస్ ప్రాంతం చూసే ఆఫీసర్‌కి మీ స్కూల్ నుంచి ఏటా డజన్ల కొద్దీ ఫైళ్లు వస్తాయి. స్కూల్ ర్యాంక్ ఇవ్వకపోయినా, అంతమంది ట్రాన్స్‌క్రిప్ట్‌లు వరసగా చూస్తే ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది. కొన్ని ఆఫీసులు నిర్ణయాలు ఖాయం చేసే ముందు ఒకే స్కూల్ పిల్లలందర్నీ పక్కపక్కన పెట్టి మరోసారి చూస్తాయి. కాబట్టి మీ అమ్మాయి మొదటి పోటీ పక్క స్కూల్ పిల్లలతో కాదు, తన క్లాసువాళ్లతోనే.

అసలు 4.0 ఉన్నంత మాత్రాన పని అయిపోతుందనుకోవడమూ పొరపాటే. హార్వర్డ్ మీద నడిచిన కోర్టు కేసులో బయటికొచ్చిన లెక్క: 2019లో డిగ్రీ పూర్తిచేయాల్సిన బ్యాచ్‌కి అమెరికా లోపలి నుంచి సుమారు 26,000 మంది అప్లై చేస్తే, అందులో 8,000 మందికి పైగా జీపీఏ పర్ఫెక్ట్. సీట్లు రెండు వేలు కూడా లేవు.

ర్యాంక్_మాటేమిటి

పై జవాబు ప్రైవేట్ యూనివర్సిటీల వరకు అక్షరాలా నిజం. కానీ అడిగినవారు టెక్సస్‌లో ఉన్నారు, లిస్టులో మొదటి పేరు యూటీ ఆస్టిన్. అక్కడ కథ తిరగబడుతుంది.

టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్రంలోని హైస్కూల్లో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. ఏ అండ్ ఎమ్‌కి ఇప్పటికీ అదే 10 శాతం. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది: టెక్సస్ విద్యార్థులకిచ్చే ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) సీట్లలో 75 శాతం ఇలా నిండితే చాలు. దాంతో గీత పైకి జరుగుతూ వచ్చింది. కొన్నేళ్లు 6 శాతం ఉండి, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతం అయింది. మీ అమ్మాయి ఏడాదికి ఎంత ఉంటుందో యూనివర్సిటీ ప్రకటించినప్పుడు చూసుకోండి, 5 అనే స్థిరపడిపోకండి.

ఈ లెక్కలో స్కూల్ ఎంత కష్టమైనదైనా ఒక్క పాయింటు కలవదు. ర్యాంక్ స్కూల్ ఇచ్చినదే, స్కూల్ సొంత జీపీఏ పద్ధతి ప్రకారమే. మీ అమ్మాయి 15 శాతం దగ్గర ఉంటే యూటీకి మిగిలిన 25 శాతం సీట్ల కోసం పోటీపడాలి. అక్కడ ఫైలు మొత్తం చదువుతారు కాబట్టి పైన చెప్పిన ప్రొఫైలు, కోర్సులు అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ సీట్లు తక్కువ, పోటీలో టెక్సస్‌లోని పోటీ స్కూళ్ల పిల్లలంతా ఉంటారు.

ఒక సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే, మేజర్‌కి (ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టుకి) కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్ లాంటివాటికి పై 5 శాతం పిల్లలైనా విడిగా పోటీపడాల్సిందే. "పక్క స్కూల్‌కి మార్చేస్తే యూటీ సీఎస్ ఖాయం" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

స్కూల్ మార్చే ఆలోచన గురించి: జూనియర్ ఇయర్‌కి (లెవెన్త్‌కి) ముందు మార్చితే ట్రాన్స్‌క్రిప్ట్‌లో రెండు స్కూళ్లూ ఉంటాయి, వెయిట్ పద్ధతులు వేరైతే పాత కోర్సుల పాయింట్లు కొత్త స్కూల్ లెక్కలో తగ్గొచ్చు. కొన్నిచోట్ల కొత్తగా వచ్చినవాళ్లకి ర్యాంక్ ఇవ్వడానికి కొన్ని సెమిస్టర్లు అక్కడ చదివి ఉండాలన్న నియమం ఉంటుంది. డిస్ట్రిక్ట్ రూలు రాతపూర్వకంగా చూడకుండా అడుగు వేయొద్దు. కొత్త స్కూల్లో మల్టీవేరియబుల్ కాలిక్యులస్, ఫిజిక్స్ సీ (కాలిక్యులస్‌తో నడిచే ఏపీ కోర్సు పేరు) లాంటివి లేకపోతే ప్రైవేట్ల దగ్గర పోయేది కూడా ఉంది. నన్నడిగితే యూటీలో సీఎస్ కాని మేజర్ ఒక్కటే లక్ష్యమైతే తప్ప మార్చడం దండగ.

డాలస్_అమ్మ

ఇద్దరికీ థాంక్సండీ. 75 శాతం సంగతి తెలుసు గానీ మేజర్‌కి వర్తించదని తెలీదు. మరి యూసీల సంగతి? వాళ్లు ప్రొఫైల్ అడగరని విన్నాను. మా అమ్మాయి వెయిటెడ్ జీపీఏ మా డిస్ట్రిక్ట్ లెక్కలో 4 దాటి ఎక్కడికో పోయింది, అది యూసీ అప్లికేషన్‌లో వేయాలా?

ఏ_టు_జీ_లెక్క

వేయకూడదండీ. వేయడానికి చోటూ ఉండదు. యూసీకి కోర్సులు, సెమిస్టర్ గ్రేడ్లు మీ అమ్మాయే నమోదు చేస్తుంది. జీపీఏ వాళ్ల పద్ధతిలో తేలుతుంది. అప్లై చేసేటప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్, కౌన్సెలర్ లెటర్ అడగరు. ఎస్ఏటీ, ఏసీటీ స్కోర్లు అడ్మిషన్ నిర్ణయంలో చూడరు. అంటే కష్టమైన స్కూల్ సంగతి చెప్పే మామూలు దారులు చాలావరకు మూసుకుపోతాయి. మిగిలేవి కోర్సుల జాబితా, ఏపీ స్కోర్లు, వ్యాసాలు.

లెక్క ఇలా ఉంటుంది. నైన్త్ తర్వాతి వేసవి నుంచి లెవెన్త్ తర్వాతి వేసవి దాకా తీసుకున్న ఏ-జీ కోర్సులే (యూసీ తప్పనిసరి అనే ఏడు రకాల సబ్జెక్టులవి) లెక్కలోకి వస్తాయి. నైన్త్ గ్రేడ్లు కనిపిస్తాయి గానీ ఈ జీపీఏలో కలవవు. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2. ప్లస్ మైనస్‌లు పట్టించుకోరు, కాబట్టి ఏ మైనస్ కూడా 4, బీ ప్లస్ కూడా 3. ఆనర్స్ పాయింటు సెమిస్టర్‌కి ఒకటి, గరిష్ఠంగా ఎనిమిది సెమిస్టర్లకి, అందులో టెన్త్‌వి నాలుగుకి మించకూడదు. సీ లేదా అంతకంటే పైన వస్తేనే ఆ పాయింటు.

మీకు తగిలే అసలు సంగతి: కాలిఫోర్నియా బయటి స్కూళ్లలో ఉత్త "ఆనర్స్" కోర్సుకి అదనపు పాయింటు రాదు. ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే కాలేజీ కోర్సులకే వస్తుంది. మీ డిస్ట్రిక్ట్ ఆనర్స్‌కి ఇచ్చిన వెయిట్ అంతా ఇక్కడ మాయం.

ఉదాహరణకి టెన్త్, లెవెన్త్‌లలో ఏడాదికి ఆరు ఏ-జీ కోర్సుల చొప్పున 24 సెమిస్టర్ గ్రేడ్లు అనుకోండి. అందులో 16 ఏలు, 8 బీలు. పాయింట్లు 64, 24 కలిపి 88. వెయిట్ లేకుండా 88ని 24తో భాగిస్తే 3.67. ఏపీ సెమిస్టర్లు 14 ఉన్నా (టెన్త్‌లో నాలుగు, లెవెన్త్‌లో పది) ఎనిమిదే కలుస్తాయి, 96 భాగించు 24, అంటే 4.0. పరిమితి లేకుండా లెక్కేస్తే 4.25 వచ్చేది. బయటి రాష్ట్రం వాళ్లకి అర్హత గీత 3.4, కాలిఫోర్నియా వాళ్లకి 3.0. ఆ గీత దాటడం అప్లై చేయడానికి అర్హత మాత్రమే. బర్క్‌లీ, యూసీఎల్ఏ అడ్మిట్ల అంకెలు దానికి చాలా పైన ఉంటాయి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటే వాళ్ల కోసం: ఒక్కో స్కూల్లో పై 9 శాతంలో ఉన్నవాళ్లకి యూసీ ఇచ్చే స్థానిక హామీ కూడా అదే స్కూల్‌లోని పోటీ మీదే ఆధారపడుతుంది. ఆ హామీ ఏదో ఒక క్యాంపస్‌లో ఖాళీ ఉంటే అన్నంతవరకే. బర్క్‌లీలో చోటు అని కాదు. యూసీ ఇన్ఫర్మేషన్ సెంటర్ సైట్‌లో మీ హైస్కూల్ పేరు వెతికితే ఏ క్యాంపస్‌కి ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి వచ్చింది, వాళ్ల సగటు జీపీఏ ఎంత అన్నది ఏడాదివారీగా దొరుకుతుంది. నలుగురు చెప్పే మాటలకన్నా అది నయం.

అట్లాంటా_బాబాయ్

జార్జియా వాళ్లకి చిన్న మాట. హోప్ స్కాలర్‌షిప్ (జార్జియా రాష్ట్రం ఇచ్చే ఫీజు సాయం) జీపీఏ రాష్ట్రమే విడిగా లెక్కిస్తుంది. స్కూల్ కలిపిన వెయిట్ తీసేసి, కోర్ సబ్జెక్టుల్లో ఏపీ, ఐబీ లాంటివాటికి 0.5 కలుపుతారు, అదీ 4.0 దాటకుండా. ఆనర్స్‌కి సున్నా. హోప్‌కి 3.0, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కి 3.7 ఉండాలి (దానికి టెస్ట్ స్కోర్ షరతు కూడా ఉంది). స్కూల్ పోర్టల్‌లో 4.3 చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లకి హోప్ లెక్కలో 3.6 కనపడటం కొత్తేమీ కాదు. యూజీఏ (యూనివర్సిటీ ఆఫ్ జార్జియా) కూడా అడ్మిషన్‌కి స్కూల్ వెయిట్ తీసేసి తన లెక్క తనే వేసుకుంటుంది.

బీ_ప్లస్

ఒకటి రెండు చోట్ల విభేదిస్తాను. మొదటి జవాబు చదివి "అయితే వీలైనన్ని ఏపీలు వేసేద్దాం" అనుకునే ప్రమాదం ఉంది. టిక్ కోసం ఆరో ఏపీ వేసి, దానివల్ల మిగతా అయిదింటిలో రెండు బీలు, ఒక సీ తెచ్చుకుంటే నష్టమే ఎక్కువ. కఠినమైన స్కూల్ నుంచి వచ్చిన బీని అర్థం చేసుకుంటారు. సీని అంత తేలిగ్గా మింగరు, ముఖ్యంగా చేరాలనుకున్న మేజర్‌కి సంబంధించిన సబ్జెక్టులో. ఇంజనీరింగ్‌కి అప్లై చేస్తూ ఫిజిక్స్‌లో సీ ఉంటే స్కూల్ పేరు కాపాడదు. ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్, సోషల్, ఫారిన్ లాంగ్వేజ్ అయిదూ చివరిదాకా గట్టిగా ఉండటం పదకొండో ఏపీ కన్నా మేలు. రెండేళ్లకే స్పానిష్ మానేసి ఆ చోట ఇంకో ఏపీ పెట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే పని. కోర్సుల కాఠిన్యం కొలిచేటప్పుడు అది లాభించదు.

ఏపీ పరీక్ష స్కోరు గురించి. "క్లాసులో బీ, పరీక్షలో 5" అన్నది కష్టమైన స్కూల్ పిల్లలకి ఉన్న బలమైన ఆధారాల్లో ఒకటి, ఎందుకంటే పరీక్ష దేశమంతా ఒకటే. స్కూల్లో గ్రేడింగ్ బిగువుగా ఉందని దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఒక్క సబ్జెక్టులో అలా ఉంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు, మూడు నాలుగింటిలో కనబడాలి. టైమింగ్ కూడా చూసుకోండి. పరీక్షలు మేలో, ఫలితాలు జులైలో, అప్లికేషన్లు నవంబర్ నుంచి. సీనియర్ ఇయర్ (ట్వెల్త్) ఏపీ స్కోర్లు అడ్మిషన్‌కి అందవు, కాబట్టి టెన్త్, లెవెన్త్ పరీక్షలే పనికొచ్చేవి. "ఎలాగూ గ్రేడ్ వచ్చేసింది" అని మే పరీక్ష ఎగ్గొట్టనివ్వకండి.

ఎస్ఏటీ కూడా ఇలాంటి పిల్లలకి ఇప్పుడు మళ్లీ ఉపయోగపడుతోంది. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో టెస్ట్ తప్పనిసరి అని ప్రకటించాయి. యూటీ ఆస్టిన్ కూడా 2025 ఫాల్‌కి మళ్లీ తెచ్చింది. 3.7తో పాటు స్కూల్ మధ్య 50 శాతం పై అంచుని దాటిన స్కోరు ఉంటే ఆ 3.7ని చదివే తీరు మారుతుంది.

నవియన్స్, స్కాయిర్‌లలో (స్కూళ్లు వాడే కాలేజీ సమాచార సైట్లలో) కనిపించే చుక్కల చార్టుల్ని జాగ్రత్తగా వాడండి. మీ స్కూల్ పిల్లలకే సంబంధించినవి కాబట్టి పనికొస్తాయి. కానీ అక్కడ ఉన్న పచ్చ చుక్క (సీటు వచ్చినవాళ్లది) అథ్లెట్‌దో, మేజర్ ఏదో, టెస్ట్ ఆప్షనల్ (స్కోరు ఇవ్వడం తప్పనిసరి కాని) ఏడాదిలో వచ్చిందో తెలియదు. పదిమంది కూడా అప్లై చేయని కాలేజీ చార్టు నుంచి ఏదీ తేల్చలేరు. వెయిటెడ్ పద్ధతి మధ్యలో మారిన స్కూళ్లలో పాత చుక్కలు తప్పుదారి పట్టిస్తాయి.

ప్రొఫైల్_చూడండి

బీ_ప్లస్ గారు సీ గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఏపీల సంఖ్య కన్నా టిక్ ఎక్కడ పడుతుందో కనుక్కోమన్నదే నా ఉద్దేశం. కనుక్కుంటే ఆరోది అవసరమా లేదా తెలుస్తుంది.

డాలస్_అమ్మ గారూ, అప్లికేషన్ నింపేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని చెప్పి ఆపేస్తాను.

కామన్ యాప్‌లో జీపీఏ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలా ఉందో అలాగే వేయాలి. 4.0 స్కేలులోకి సొంతంగా మార్చకూడదు. స్కేలు అడిగే చోట స్కూల్ వాడే స్కేలే ఎంచుకోవాలి. గ్రేడ్లు విద్యార్థే నమోదు చేసే కాలేజీలకు (యూసీలు, రట్‌గర్స్, పెన్ స్టేట్ ఇలాంటివి) ఏడాది గ్రేడుకి బదులు సెమిస్టర్ గ్రేడు, లేదా దానికి ఉల్టా వేయడం వల్ల ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌తో సరిపోక ఇచ్చిన సీటు వెనక్కి తీసుకున్న సందర్భాలు ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్ట్ ముందు పెట్టుకుని నింపమనండి, గుర్తున్నదాన్నిబట్టి కాదు. మళ్లీ చదివిన కోర్సు, వచ్చిన డీ, కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న కోర్సు ఏదీ వదలకూడదు. డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ ఇచ్చే కోర్సులు) తీసుకుంటే ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా శాశ్వతంగా ఉంటుందని మర్చిపోకండి. తర్వాత మెడికల్ స్కూల్‌కి వెళ్లాలన్నా అది చూపించాల్సిందే.

అడిషనల్ ఇన్ఫర్మేషన్ పెట్టెలో "మా స్కూల్ చాలా కష్టం" అని రాయించొద్దు. అది కౌన్సెలర్ చెప్పాల్సిన మాట, పిల్ల చెబితే సాకులా వినబడుతుంది. అక్కడ రాయదగ్గవి ప్రొఫైల్‌లో లేని వాస్తవాలు: ఫిజిక్స్ సీకి ఒకే సెక్షన్ ఉండి ఆర్కెస్ట్రాతో టైము ఢీకొంది, కెమిస్ట్రీ టీచర్ మధ్యలో వెళ్లిపోయి మూడు నెలలు సబ్‌స్టిట్యూట్‌తో నడిచింది, ఇలాంటివి. రెండు మూడు వాక్యాలు చాలు. 2025-26 నుంచి ఆ పెట్టె పరిమితిని 650 పదాల నుంచి 300కి తగ్గించారు కూడా.

కౌన్సెలర్‌కి ఇచ్చే వివరాల పత్రంలో, లెటర్ రాసే టీచర్‌కి ఇచ్చేదాంట్లో గ్రేడింగ్ సంగతి గుర్తుచేయొచ్చు. "ఆ ఏడాది ఆ సెక్షన్‌లో ఏ వచ్చింది నలుగురికే" అని టీచర్ రాసిన ఒక్క వాక్యం బీ ప్లస్‌కి చేసే మేలు ఇంకెవరూ చేయలేరు. అందుకని లెవెన్త్ టీచర్‌ని ఎంచుకునేటప్పుడు సులువుగా ఏ వచ్చిన క్లాసు టీచర్ కన్నా, కష్టపడి బీ ప్లస్ తెచ్చుకున్న క్లాసు టీచర్ మేలు కావచ్చు.

సీనియర్ ఇయర్ మొదటి సెమిస్టర్ గ్రేడ్లు మిడ్-ఇయర్ రిపోర్ట్‌లో వెళ్తాయి. రెగ్యులర్ డెసిషన్‌కి (మామూలు గడువులో అప్లై చేసినవాళ్లకి), వెయిట్‌లిస్ట్‌కి అవి చూస్తారు. ట్వెల్త్‌లో కోర్సులు తేలిక చేసుకుంటే, అప్లికేషన్‌లో రాసినదానికి తేడా వస్తే ముందే కాలేజీకి తెలియజేయాలి.

లిస్టులో ఉన్న ప్రతి కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని వేసి వెతకండి. అందులో సీ7 అనే పట్టికలో కోర్సుల కాఠిన్యం, క్లాస్ ర్యాంక్, జీపీఏ, టెస్ట్ స్కోర్లు ఒక్కోదానికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో కాలేజీయే టిక్ పెట్టి చెబుతుంది. కాఠిన్యం "చాలా ముఖ్యం", ర్యాంక్ "చూడం" అన్నచోట మీ అమ్మాయి ఫైలుకి బలం ఎక్కువ. ర్యాంక్ "చాలా ముఖ్యం" అన్నచోట 15 శాతం సంగతి ముందే లెక్కలో పెట్టుకుని, అలాంటివి లిస్టులో రెండు మూడుకి మించకుండా చూసుకోండి.